బొంబాయి పోవడానికి బ్యాంకు లోను అక్కర్లేదు

(ఒక ఆదివారం సాయంత్రం కడపలో కొందరు మిత్రులు కలుసుకున్నప్పుడు రిటైరైన ఒక సోషల్ మాస్టారు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగు విని టైపు చేశాం.)

వెనకాల నిలబడినోళ్లు ముందుకు రండబ్బా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను అక్కడుందని అక్కడే ఆగిపోతే నా మాట వినపడదు. సరే. నన్ను పిలిచిన పిల్లోళ్లు ఏమన్నారంటే, సార్, ఇక్కడ చానామందికి ఇంటిల్లిపాదీ బొంబాయి చూసి రావాలని ఉంది, ఖర్చు తలుచుకుని ఆగిపోతున్నారు, మీరు పోయొస్తుంటారు గదా, తక్కువలో ఎట్లా అయ్యేదో చెప్పండి అన్నారు. చెప్తాను. ఈ కాగితం మీద రాసుకొచ్చింది కొంత ఉంది, మధ్యలో అడగాలనిపిస్తే అడిగేయండి, చివరిదాకా ఆగక్కర్లేదు.

మొదట నేనొకటి అడుగుతా. బొంబాయిలో ఏది ఖరీదు? ఆఁ, చెప్పండి. అన్నీ అంటున్నాడు ఈ అబ్బాయి. కాదు నాయనా. అక్కడ ఖరీదైంది చోటు. చోటొక్కటే. ఒకప్పుడు అవి ఏడు దీవులు, మధ్యలో సముద్రాన్ని పూడ్చుకుంటూ పూడ్చుకుంటూ ఒక్క నేలగా చేశారు. మూడు వైపులా నీళ్లు, పెరగాలంటే ఉత్తరానికే పెరగాలి. అందుకని అక్కడ మంచం వేసేంత చోటుకు అద్దె కట్టాలంటే గుండె జారిపోతుంది. మరి తిండి? తిరగడం? అవి మన ఊరితో సమానం, కొన్నయితే మనకంటే చవక. ఎందుకు? ఆ ఊరిని నడిపేది కూలీనాలీ చేసుకునేవాళ్లు, చిన్న జీతగాళ్లు కాబట్టి. వాళ్లు పొద్దున లేచి అంత దూరం నుంచి పనికి రావాలి, మధ్యాహ్నం ఏదో ఒకటి తిని మళ్లీ పనిలో పడాలి. రైలు చవగ్గా లేకపోతే, బన్ను మధ్యలో బంగాళాదుంప వడ పెట్టిచ్చే వడాపావు చవగ్గా లేకపోతే ఆ ఊరు ఒక్కరోజు నడవదు. మనం చేయాల్సింది ఏమంటే, వాళ్లు తిరిగినట్టు తిరగాలి, వాళ్లు తిన్నచోట తినాలి. మిగిలిన డబ్బు తీసుకుపోయి ఆ చోటు మీద పెట్టాలి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ ఇక్కడికే వస్తాను.

ముందు పోవడం సంగతి. మనది అదృష్టం, మద్రాసు నుంచి బొంబాయి పోయే లైను మన కడప మీదుగానే పోతుంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని, రాయచూరు. మద్రాసు వైపు నుంచి వేసుకొచ్చిన లైను, బొంబాయి వైపు నుంచి వేసుకొచ్చిన లైను రాయచూరు దగ్గర కలిసింది 1871లో. అంటే నూట యాభై ఏళ్లుగా మనకు బొంబాయికి నేరుగా రైలు దారి ఉంది, మనమే పోలేదు. సుమారు వెయ్యి కిలోమీటర్లు, దాదాపు ఒక రోజు ప్రయాణం. స్లీపరు ఆరొందల లోపే అవుతుంది, థర్డ్ ఏసీ దానికి రెండున్నర రెట్లు వేసుకోండి. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 2024 నవంబరు నుంచి అట్లా మార్చారు, అంతకుముందు 120 రోజులుండేది. పెద్దవాళ్లు వినండి, సీనియర్ సిటిజన్లకు ఉండిన రాయితీ 2020 మార్చిలో తీసేశారు, ఆ లెక్క వేసుకోవద్దు.

ఇంకొక కిటుకు. కడప నుంచి వెయిటింగ్ లిస్టు చూపిస్తోందనుకోండి, అదే రైలుకు బయలుదేరే స్టేషను నుంచి బెర్తు ఉందేమో చూడండి. అక్కడి నుంచి టికెట్టు తీసుకుని, ఎక్కే స్టేషను మాత్రం కడప అని పెట్టుకోవచ్చు. వంద రూపాయలో రెండొందలో ఎక్కువవుతుంది, అయితేనేం, తత్కాల్ గొడవ లేదు, టెన్షన్ లేదు. పోయేదీ వచ్చేదీ రెండు టికెట్లూ చేతికి వచ్చాకే మిగతా ప్లాను వేయండి. పోను టికెట్టు మాత్రం తీసుకుని, రాను టికెట్టు అక్కడ చూసుకుందాంలే అనుకుంటే చివర్లో ఏ బస్సుకో మూడు వేలు పోస్తారు, పొదుపంతా అక్కడే పాయె.

రైల్లోకి తిండి కట్టుకోండి. చెప్పక్కర్లేదు, మన ఆడవాళ్లకు తెలుసు. నిమ్మకాయ చిత్రాన్నం మొదటి పూటకి, జొన్నరొట్టె, చెనక్కాయల పొడి రెండో పూటకి. ఆ పొడి డబ్బా ఖాళీ చేయొద్దు, బొంబాయిలో పనికొస్తుంది. అక్కడి కూరల్లో కారం మనకు చాలదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి. చానామంది చేసేది ఏమిటంటే, ఫోన్లో చూస్తారు, కల్యాణ్ దగ్గర లాడ్జి ఎనిమిది వందలు, దాదర్‌లో రెండు వేలు. ఇంకేముంది, కల్యాణ్‌లో దిగుతారు. పన్నెండొందలు మిగిలిందని సంబరం. అయ్యా, కల్యాణ్ నుంచి మీరు చూడాలనుకునే కోట ప్రాంతానికి, అంటే సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) స్టేషనుకు, 50 కిలోమీటర్ల పైన. తక్కువ స్టేషన్లలో ఆగే ఫాస్ట్ లోకల్ రైల్లో కూడా గంట దాటుతుంది. పోను గంట, రాను గంట, స్టేషనుకు నడక, రైలు కోసం కాచుకోవడం, అన్నీ కలిపితే రోజులో మూడు గంటలు రైలుకే. పొద్దున 8 నుంచి 11 దాకా ఆ రైల్లోకి ముసలామెను, చిన్నపిల్లను ఎక్కించగలరా మీరు? ఎక్కించలేరు. ఇంక ఏం చేస్తారు, క్యాబ్ పిలుస్తారు. క్యాబ్ ఆ ట్రాఫిక్కులో రెండు గంటలు నిలబడుతుంది. మిగిలిన పన్నెండొందలు ఒక్క పూటలో మాయం. అందుకే అన్నాను, తిండిలో మిగిలించండి, ప్రయాణంలో మిగిలించండి, చోటులో మాత్రం పిసినారితనం వద్దు.

ఎక్కడ ఉండాలి మరి? దాదర్, మాటుంగా, సయన్ ఈ చుట్టుపక్కల. దాదర్ ఎందుకంటే వెస్టర్న్ లైను, సెంట్రల్ లైను రెండూ అక్కడ కలుస్తాయి, ఏ మూలకు పోవాలన్నా అక్కడి నుంచే సులువు. మాటుంగాలో దక్షిణాదివాళ్లు ఎక్కువ, ఇడ్లీ, సాంబారు, పూలు, అరిటాకు, అన్నీ దొరుకుతాయి, పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు. గది చిన్నది, ముందే చెప్తున్నా. మంచం, గోడ, మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు, తలుపు తెరవాలంటే సూట్‌కేసు మంచం మీదికి ఎక్కించాలి. అది మోసం కాదు, అక్కడ అంతే. శుభ్రంగా ఉందా, బాత్రూములో నీళ్లు వస్తున్నాయా, స్టేషను నడిచేంత దూరమా, ఈ మూడే చూడండి. ఇంకొకటి కూడా అడగండి, చెకవుట్ 24 గంటలదా, లేక మధ్యాహ్నం 12కా అని. పొద్దున 5కి దిగి 12 లెక్క ఉన్న లాడ్జిలో చేరితే ఏడు గంటలకు ఒక రోజు అద్దె కట్టినట్టే. ఒక్కరో ఇద్దరో కుర్రోళ్లయితే స్టేషనులోనే అద్దెకిచ్చే రైల్వే రిటైరింగ్ రూములు చూడండి, మీ టికెట్టు పీఎన్ఆర్ మీదే బుక్ చేసుకోవచ్చు. ముంబై సెంట్రల్ స్టేషనులో 2021లో పాడ్ హోటల్ అని పెట్టారు, పెట్టె లాంటి పడక, లోపల లైటు, ఛార్జింగు. మా లాంటి మోకాళ్ల నొప్పులోళ్లకు కాదు గానీ వయసు పిల్లలకు బాగానే ఉంటుంది.

పొద్దున్నే దిగితే ఇంకొక పద్ధతి ఉంది. సామాను నేరుగా లాడ్జికి మోయకుండా స్టేషనులో క్లోక్ రూములో పెట్టేయండి. బ్యాగులకు తాళం ఉండాలి, లేకపోతే తీసుకోరు, టికెట్టు చూపించాలి. ఇంటి దగ్గరే రెండు చిన్న తాళాలు కొని పెట్టుకోండి. వెయిటింగ్ హాల్లో మొగం కడుక్కుని బయటికొస్తే చాలు, ఆ పూట అద్దె లేకుండానే ఊరు చూడటం మొదలైనట్టే.

లోకల్ రైలు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, విసుక్కోవద్దు. అదొక్కటి వస్తే బొంబాయి మీ చేతిలో ఉన్నట్టే. మన దేశంలో మొదటి ప్యాసింజరు రైలు నడిచింది అక్కడే, 1853 ఏప్రిల్ 16న, బోరీబందర్ నుంచి, అంటే ఇప్పటి సీఎస్ఎంటీ దగ్గర నుంచి, ఠాణే దాకా. ఆ దారిలోనే ఇవాళ లోకల్స్ పోతున్నాయి. సెకండ్ క్లాసులో కనీస టికెట్టు 5 రూపాయలు. 5 రూపాయలు! మన ఏడురోడ్ల దగ్గర టీ రాదు దానికి. టూరిస్టు టికెట్టు అని కూడా ఇస్తారు, ఒక రోజుది, మూడు రోజులది, ఐదు రోజులది. సెకండ్ క్లాసులో ఒక రోజుది వంద లోపే. అది చేతిలో ఉంటే ఆ రోజు ఎన్నిసార్లు ఎక్కినా దిగినా క్యూలో నిలబడే పని లేదు. కౌంటర్లో అడిగి తీసుకోండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ప్లాట్‌ఫారం మీద పైన బోర్డు ఉంటుంది. రైలు ఎక్కడికి పోతుందో, ఎన్ని నిమిషాల్లో వస్తుందో, ఎన్ని పెట్టెలో, పక్కన ఎఫ్ అనో ఎస్ అనో ఉంటుంది. ఎఫ్ అంటే ఫాస్టు, కొన్ని స్టేషన్లలో ఆగదు. మీరు దిగేది చిన్న స్టేషనయితే ఎస్, అంటే స్లో, ఎక్కండి, పది నిమిషాలు ఆలస్యమైతే ఏం పోయింది, మనమేం డ్యూటీకి పోతున్నామా? ఫస్ట్ క్లాసు పెట్టె ఎక్కడ ఆగుతుందో అక్కడ ఎరుపు పసుపు చారలు ఏటవాలుగా వేసి ఉంటాయి. ఖాళీగా ఉంది గదా అని అందులో దూరకండి, సెకండ్ క్లాసు టికెట్టుతో దొరికితే జరిమానా 250, పైన తేడా డబ్బులు. ఆడవాళ్లకు వేరే పెట్టెలున్నాయి, మా ఇంటామెకు అదే ఇష్టం, అక్కడ కూరగాయలు తరుక్కుంటూ పోయేవాళ్లతో భాష రాకపోయినా గంట సేపు మాట్లాడి వస్తుంది.

రైలు ఆగేది ఇరవై ముప్పై సెకన్లు. దిగాల్సిన స్టేషను రెండు స్టేషన్ల ముందే గుమ్మం వైపు జరగాలి. ముందున్న మనిషి భుజం తట్టి "దాదర్ ఉతరేంగే?", అంటే దాదర్‌లో దిగుతారా అని అడగాలి. ఉతరేంగే అంటే ఆయన వెనకాలే నిలబడితే చాలు, మీరు దిగక్కర్లేదు, వెనకున్నవాళ్లే దించేస్తారు. నవ్వకండి, నిజం. సీట్లో ముగ్గురు కూర్చునేచోట నలుగురు కూర్చోవడం అక్కడ ఆచారం. మీరు నిలబడి కొంచెం కళ్లతో అడిగితే జరుగుతారు, నాలుగో మనిషికి అర సీటు, ఒక కాలు దారిలో. ఎవరూ కోపం తెచ్చుకోరు. బోరివిలీ పోయేవాళ్లు మాత్రం విరార్ ఫాస్ట్ ఎక్కొద్దు, విరార్ దాకా పోయేవాళ్లు గుమ్మం నిండా నిలబడి ఉంటారు, మధ్యలో దిగనియ్యడం కష్టం. పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 9, ఈ రెండు పూటలా రైలు జోలికి పోవద్దు. పొద్దున 7కే బయలుదేరండి, సాయంత్రం సముద్రం ఒడ్డున కూర్చోండి, రద్దీ తగ్గాక రండి. ఆదివారం మెగా బ్లాక్ అని మరమ్మతులకు కొన్ని లైన్లు మధ్యాహ్నం పూట ఆపుతారు, ముందురోజే కనుక్కోండి.

బస్సు, అక్కడి సిటీ బస్సును బెస్టు బస్సు అంటారు. 2025 మేలో పెంచారు, కనీస చార్జీ 5 నుంచి 10 అయింది, ఏసీది 12. ఏసీ బస్సు 12 రూపాయలకు ఇంకెక్కడ దొరుకుతుంది? ఆటోలు మీటరు మీద నడుస్తాయి, కనీసం 26 రూపాయలు, బేరం లేదు, మన దగ్గర లాగా "యాడికన్నా, నూరు ఇయ్యి" అనేది ఉండదు. కానీ దక్షిణ బొంబాయిలోకి ఆటో రాదు. బాంద్రా, సయన్ దాటితే టాక్సీయే, నలుపు పసుపు రంగుది, కనీసం 31. నలుగురుంటే దగ్గర దూరాలకు టాక్సీ బస్సుతో సమానం పడుతుంది, లెక్క వేసుకోండి.

ఇక చూసేవి. సీఎస్ఎంటీలో దిగి బయటికొచ్చి వెనక్కి తిరిగి చూడండి. మనం ఇప్పుడే దిగి వచ్చిన స్టేషనే మొదటి చూడదగ్గ చోటు. 1878లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు, 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. గోడల మీద నెమళ్లు, కోతులు, ఆకులు, తీగలు చెక్కి ఉంటాయి, మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. అక్కడి నుంచి దాదాభాయి నౌరోజీ రోడ్డు పట్టుకుని నడిస్తే హుతాత్మా చౌక్, ఇంకొంచెం పోతే హైకోర్టు, యూనివర్సిటీ, రాజాబాయి గడియారం గోపురం. ఈ గోపురానికి డబ్బు ఇచ్చింది ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే పత్తి వ్యాపారి, రాజాబాయి ఆయన తల్లి. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం వచ్చి ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయింది, ఇంక మన పత్తికి బంగారం ధర. బొంబాయి షావుకార్లు కోట్లు గడించారు. 1865లో యుద్ధం ఆగిపోగానే ధర కూలింది, ప్రేమ్‌చంద్‌తో సహా అందరూ మునిగారు. ఆదోని మార్కెట్టులో పత్తి ధర చూసిన మన రైతులకు ఈ కథ కొత్తదేం కాదు. చూపు లేని ఆ తల్లికి పొద్దు గుంకకముందే భోజనం చేసే జైన నియమం ఉందని, ఆమెకు వేళ తెలియడానికే గంటలు పెట్టించాడని అంటారు.

గోపురం పక్కన ఓవల్ మైదానం. తూర్పు వైపు ఈ పాత గోతిక్ కట్టడాలు, పడమటి వైపు 1930లలో కట్టిన గుండ్రటి మూలల అపార్టుమెంట్లు, మధ్యలో పిల్లలు క్రికెట్టు. ఈ రెండు వరసలనూ కలిపి 2018లో యునెస్కో గుర్తించింది. గడ్డి మీద కూర్చుని తెచ్చుకున్న బొరుగులు తినండి. ఎవరూ లేవమనరు. అట్లా నడుచుకుంటూ పడమటికి పోతే మెరైన్ డ్రైవ్, దక్షిణానికి పోతే జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, అది ఉచితం, ఆ పక్కనే పెద్ద మ్యూజియం, దానికి టికెట్టుంది గానీ ఇచ్చిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. చివర సముద్రం ఒడ్డున గేట్‌వే ఆఫ్ ఇండియా కమాను, 1924లో తెరిచింది. 1948 ఫిబ్రవరిలో ఆఖరి ఇంగ్లీషు పటాలం ఆ కమాను కిందనుంచే ఓడెక్కి పోయింది. ఎదురుగా తాజ్ హోటలు. ముందు నిలబడి ఫోటో తీసుకోవడానికి డబ్బులడగరు, తీసిపెడతామని వచ్చే ఫోటోగ్రాఫర్లు అడుగుతారు. మన ఫోను చాలు.

మణిభవన్ తప్పకుండా చూడండి. గ్రాంట్ రోడ్ స్టేషనులో దిగి నడవొచ్చు. గాంధీగారు 1917 నుంచి 1934 దాకా బొంబాయి వస్తే ఉండిన ఇల్లు. పై అంతస్తులో ఆయన కూర్చున్న గది, పరుపు, చరఖా. అదే బొంబాయిలో, అంత పెద్ద మనిషికి, ఎంత చోటు సరిపోయిందో చూసి రండి. అక్కడి నుంచి క్విట్ ఇండియా తీర్మానం నాటి గొవాలియా ట్యాంకు మైదానం కూడా దగ్గరే. ఎలిఫెంటా గుహలకు పడవలో గంట, సోమవారం సెలవు, మెట్లు చానా ఉన్నాయి, ఒక పూట పోతుంది, త్రిమూర్తిని చూశాక మెట్ల కష్టం గుర్తుండదు. పడవ ఖర్చు ఎక్కువనుకునేవాళ్లు బోరివిలీలో కణ్హేరి గుహలకు పోండి, కొండలో తొలిచిన బౌద్ధ గుహలు నూటికి పైగా ఉన్నాయి, అదీ సోమవారం మూసే ఉంటుంది. సినిమావాళ్ల ఇళ్లు చూడాలని అడుగుతారు పిల్లలు. గేటు, వాచ్‌మన్, అంతే కనబడేది. దానికోసం బాంద్రా దాకా టాక్సీ ఎందుకు?

తిండి. వడాపావు 1966 ప్రాంతంలో దాదర్ స్టేషను బయట మొదలైందంటారు. మిల్లు కార్మికుల తిండి అది. పరేల్, లాల్‌బాగ్ అంతా ఒకప్పుడు బట్టల మిల్లులు, మన తెలుగువాళ్లు కూడా పనిచేశారు. 1982 జనవరి 18న రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు, ఇక మిల్లులు కోలుకోలేదు. ఆ చోట్లోనే ఇప్పుడు మాల్స్, అద్దాల మేడలు. మళ్లీ చోటు దగ్గరికే వచ్చాం చూడండి. మిల్లులు పోయాయి, వడాపావు మిగిలింది, ఇవాళ్టికీ ఇరవై రూపాయల అటూ ఇటూ. బండి దగ్గర నిలబడి చూడండి, పావును మధ్యకు చీల్చి, ఎండు వెల్లుల్లి కారం చల్లి, వేడి వడ పెట్టి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, కాగితంలో వేయించిన పచ్చిమిర్చితో చేతికిస్తాడు. మనవాళ్లకు ఆ మిర్చి చప్పగా ఉంటుంది, ఇంకొకటి అడగండి, ఊరికే ఇస్తాడు. మధ్యాహ్నం ఉడిపి హోటలులో రైస్ ప్లేటు అడగండి. ఇరానీ కేఫులో బన్ మస్కా, అంటే వెన్న రాసిన బన్ను, చాయ్. నలుగురు కడుపునిండా తిన్నా గది అద్దెలో సగం కాదు.

ఆఁ, ఏమ్మా? వానాకాలంలో పోవచ్చా అంటోంది. జూన్ నుంచి సెప్టెంబరు వద్దమ్మా. గదులు చవగ్గా దొరుకుతాయి, నిజమే, కానీ పట్టాల మీద నీళ్లు నిలిస్తే రైళ్లాగిపోతాయి, గదిలోనే కూర్చోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది, డిసెంబరు ఆఖరి వారం తప్ప, అప్పుడు అద్దెలు రెట్టింపు.

పెద్దాయన మోకాళ్ల సంగతి అడుగుతున్నాడు. లోకల్ వంతెనల మెట్లు కష్టమే అన్నా. భూగర్భ మెట్రో వచ్చింది, ఆరే నుంచి కఫ్ పరేడ్ దాకా 2025 అక్టోబరులో పూర్తిగా తెరిచారు, లిఫ్టులున్నాయి, ఏసీ ఉంది, సీఎస్ఎంటీ, చర్చ్‌గేట్ అన్నీ తగులుతాయి. లోకల్ కంటే టికెట్టు ఎక్కువే, మీకు మాత్రం ఆ డబ్బు పెట్టాల్సిందే.

వచ్చేటప్పుడు ఒక్కటి చూసుకోండి. బొంబాయిలో మన వైపు రైళ్లన్నీ ఒకే స్టేషను నుంచి బయలుదేరవు. కొన్ని సీఎస్ఎంటీ, కొన్ని కుర్లా దగ్గర లోకమాన్య తిలక్ టెర్మినస్. టికెట్టు మీద ఎల్‌టీటీ అని ఉంటే సీఎస్ఎంటీకి పోయి నిలబడొద్దు. హార్బర్ లైనులో తిలక్‌నగర్‌లో దిగి నడవండి, సామాను ఎక్కువుంటే కుర్లాలో దిగి ఆటో, అక్కడ ఆటోలు తిరుగుతాయి. సాయంత్రం రైలయితే 5కి ముందే లోకల్ ఎక్కేయండి, బ్యాగులతో ఆ రద్దీలో ఎక్కలేరు. ఇంకెవరైనా అడిగేదుంటే టీ తాగుతూ మాట్లాడుకుందాం, చల్లారిపోతోంది.